యు

జపాన్ వాళ్ళ భాషలో నీళ్ళు ఒకటి, వేన్నీళ్ళు ఇంకొకటి. నీళ్ళను మిజు అంటారు. కాగిన నీళ్ళను యు అంటారు. ఈ రెండు మాటలకూ పైకి కనిపించే చుట్టరికం ఏమీ లేదు. పాలు, పెరుగు అన్నట్టు దేనికది విడి పేరు. జపనీస్ కొత్తగా నేర్చుకునే తెలుగువాళ్ళు మన అలవాటు కొద్దీ ‘వేడి మిజు’ అనేస్తారు. ఎదుటివాళ్ళకు అర్థం కాకపోదు గానీ చెవికి అతకదు. వేడెక్కాక అది మిజు ఎలా అవుతుంది?

స్నానశాల గుమ్మానికి వేలాడే గుడ్డతెర మీద ఈ ఒక్క అక్షరమే పెద్దగా రాసి ఉంటుంది. గుండ్రటి మెలిక ఒకటి, దాన్ని నిలువునా కోస్తూ దిగే గీత ఒకటి. దానికి మించి బోర్డు అక్కర్లేదు. ఆ తెర దాటితే ఏముంటుందో ఆ దేశంలో చదువురాని పిల్లలకు కూడా తెలుసు.

కొండల్లోని పాతకాలపు వేడినీటి బసల గురించి, అంటే ఒన్‌సెన్ ర్యోకాన్‌ల గురించి, చెప్పేవాళ్ళు సాధారణంగా చాపలు పరిచిన గదులు, చిన్న చిన్న గిన్నెల్లో వచ్చే భోజనం, కిటికీలోంచి కనిపించే మంచు, పలకరింపులోని మర్యాద వర్ణిస్తారు. అన్నీ నిజమే. కానీ నాకు తోచేది వేరు. ఆ ఇంటికి అసలు యజమాని యు. గదులు, వంట, పక్కలు, చివరికి గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని స్వాగతం చెప్పే యజమానురాలు ఒకామితో సహా అందరూ దాని కొలువులో ఉన్నవాళ్ళే. ఊట బాగోగులు చూసే మనిషిని యుమోరి అంటారు, యుకి కాపరి అని. కాబట్టి ఆ బస అర్థం కావాలంటే ముందు ఈ మాట అర్థం కావాలి.

ముందు మన మాట విప్పి చూసుకుందాం. వేన్నీళ్ళలో ఉన్నవి వే, నీళ్ళు. ఆ ‘వే’ వేడిలో ఉంది, వేసవిలో ఉంది, వేగడంలో, వేపుడులో, వెచ్చదనంలో ఉంది. పాత ద్రావిడ ధాతువు. మన భాష లెక్కలో నీళ్ళు ఎప్పుడూ నీళ్ళే. వేడి వాటికి వచ్చిపోయే గుణం. చన్నీళ్ళ సంగతీ అంతే. తమిళంలో ఇంకో వింత జరిగింది. తణ్ణీర్ అంటే చల్లని నీరు. వాడగా వాడగా ఆ మాటే మామూలు నీళ్ళకు పేరైపోయింది. ఇప్పుడు వాళ్ళు ‘సుడు తణ్ణీర్’ అంటే, విడదీసి చూస్తే కాగిన చల్లనీళ్ళు అని. మన తన్నీరువారి ఇంటిపేరులో ఆ పాత మాటే వినిపిస్తుంది.

అలాగని తెలుగుకు వేడినీటికి ఏకపదం లేదనడానికి వీల్లేదు. ఎసరు ఉంది. ఎసరు పెట్టాను, ఎసరు మరుగుతోంది, ఎసట్లో బియ్యం పోశాను అంటాం. పొయ్యి మీదికి ఎక్కాక ఆ నీళ్ళు నీళ్ళు కావు, ఎసరే. అచ్చంగా యు లాంటి మాట. కాకపోతే అది వంటింటి గడప దాటదు. ఎసట్లో ఎవరూ స్నానం చెయ్యరు. దాటిన ఒక్క చోటా చెడ్డపేరే మూటగట్టుకుంది: ‘వాడి ఉద్యోగానికి ఎసరు పెట్టారు’ అంటాం. నమ్మినవాళ్ళ చేతిలో దెబ్బతింటే జపాన్ వాళ్ళు ‘మరిగే యు తాగించారు’ అంటారు. సలసల కాగే నీళ్ళు రెండు భాషల్లోనూ ద్రోహానికి పనికొచ్చాయి.

మనం నీళ్ళను పంచుకున్నది నోటిని బట్టి. మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు, వాడుకనీళ్ళు అని. మంచినీళ్ళు అనే మాటలో ‘మంచి’కి తాగడానికి పనికొచ్చేవి అన్నదే అర్థం. ఎంత లోతు తవ్వినా ఉప్పే పడే ఊళ్ళున్న నేల మీద ఆ గీత అక్కడే పడుతుంది. జపాన్‌లో సుమారు 27 వేల వేడినీటి ఊటలున్నాయి. వాటిని ఆనుకుని బస దొరికే ఊళ్ళు 3 వేలకు దగ్గరగా ఉన్నాయి. నేల కింద నిప్పు ఉన్నచోట గీత వేడి దగ్గర పడడంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది.

యు స్వభావం బాగా తేటపడేది అది చల్లారినప్పుడు. కాచి చల్లార్చిన నీళ్ళను యుజమాషి అంటారు, చల్లార్చిన యు అని. చల్లారినంత మాత్రాన అది తిరిగి మిజు అయిపోదు. ఒకసారి యు అయ్యాక ఆ పేరు దాన్ని వదలదు. ఇంకా దూరం వెళ్తే పోతపని కొలిమిలోకి చేరతాం. అక్కడ కరిగిన ఇనుమునూ కంచునూ యు అనే అంటారు. అచ్చులోకి లోహం పోసే రంధ్రం యుగుచి, అంటే యు నోరు. అది లోపలికి పారే కాలువ యుమిచి, యు దారి. అక్కడ నీటిచుక్కన్నది లేదు. అంటే ఆ మాట లోతుల్లో ఉన్నది ‘వేడి నీరు’ అనే భావం కూడా కాదేమో, వేడిని మోస్తూ కదిలే ద్రవం ఏదైనా యు కాగలదు.

టీ పెట్టే వ్రతాన్ని చానొయు అంటారు. చా అంటే టీ, నొ అంటే మన షష్ఠి లాంటిది. టీ తాలూకు యు అన్నమాట. ఆ సమాసంలో ప్రధానం టీ కాదు, యు. 16వ శతాబ్దంలో సెన్ నొ రిక్యూ అనే టీ గురువు చేతిలో ఆ కళ తన రూపం తెచ్చుకుంది. అందులో నిప్పు వెయ్యడానికీ, కెటిల్‌లో నీళ్ళు కాగే చప్పుడు వినడానికీ పట్టే సమయం టీ తాగే సమయం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన తేనీరులోనూ నీరే ప్రధానం, ఆ మాట కూర్చినవాళ్ళెవరో గానీ చెవి ఉన్నవాళ్ళు.

పుట్టుకకూ చావుకూ కూడా యు కావాలి. పురిటిబిడ్డకు చేయించే తొలిస్నానం ఉబుయు. చనిపోయినవాళ్ళకు చేయించేది యుకాన్. మామూలు రోజుల్లో కాగిన యులో మిజు కలిపి వేడి తగ్గిస్తారు. చావు జరిగిన ఇంట్లో దీన్ని తిరగేస్తారు. ముందు మిజు పోసి, దాంట్లో యు కలుపుతారు. దానికి సకసమిజు అని పేరు, తలకిందుల నీళ్ళు. అందుకని పాతకాలపు ఇళ్ళల్లో బతికున్నవాళ్ళ స్నానానికి ఆ వరసలో కలపరు. జీతం మీద ఇంకో నాలుగు రాళ్ళు వచ్చినప్పుడు మనం ‘వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు’ అంటాం. సామెతలో ముందు వేన్నీళ్ళే ఉన్నాయి, చన్నీళ్ళు తరవాత వచ్చి కలుస్తాయి. ఏ జపాన్ ముసలమ్మ విన్నా ఆ వరస సరైందే అంటుంది. డబ్బు విచ్చలవిడిగా తగలేసేవాళ్ళను మనం నీళ్ళలా ఖర్చుపెడుతున్నారంటాం. వాళ్ళు ‘యు, మిజు లాగా’ అంటారు. అక్కడ కూడా రెండు పేర్లూ చెప్పందే వాళ్ళకు నీళ్ళు మొత్తం చెప్పినట్టు కాదు.

స్నానశాల తెర మీది మెలిక అక్షరం కాక, రాతలో ఈ మాటకు చైనా నుంచి వచ్చిన ఇంకో అక్షరం కూడా వాడతారు. ఎడమ పక్క నీటిని సూచించే మూడు చుక్కలు, కుడి పక్క సూర్యుడున్న గుర్తు. ఆ కుడి భాగం ఉచ్చారణ కోసం వచ్చిందే అయినా, ఎండా నీళ్ళూ పక్కపక్కన కూర్చున్నట్టు కనిపిస్తుంది. హాన్ కాలపు చైనా నిఘంటువు దానికి వేడినీరనే అర్థం చెప్పింది. ఇవాళ చైనా హోటల్లో అదే అక్షరాన్ని టాంగ్ అని పలికి అడిగితే సూప్ తెచ్చి పెడతారు. అక్కడ ఆ అక్షరం మన ఎసరు లాగా వంటింట్లో స్థిరపడింది. సముద్రం దాటి వచ్చింది మాత్రం స్నానాలగదిలో ఉండిపోయింది. పడుకునేటప్పుడు దుప్పటిలో పెట్టుకునే వేడినీటి సీసాను చైనాలో ‘టాంగ్ పో’ అనేవాళ్ళు, వేడినీళ్ళ ఇల్లాలని. ఆ మాట జపాన్ చేరి తంపో అయింది. దానిలో వేడినీళ్ళున్న సంగతి చెవికి తెలియడం మానేసరికి ముందు ఇంకో యు తగిలించి యుతంపో అన్నారు. రాస్తే యు అక్షరం రెండుసార్లు పడుతుంది. అరువు తెచ్చుకున్న మాటలో ఎంత వేడి ఉన్నా, సొంత మాట ఉంటే గానీ వాళ్ళకు వేడి పుట్టలేదు.

యు ఎక్కడ పుట్టిన మాట? ఒరికుచి షినోబు (1887–1953) అనే జానపద పండితుడు ఒక ఊహ చేశాడు. పాత జపనీస్‌లో ‘యు’ అనే ఇంకో మాట ఉంది, పవిత్రమైనది, మడి కట్టినది అని దాని అర్థం. ఆయన లెక్కలో మొదట యు అంటే వేడినీళ్ళు కావు, దేవకార్యానికి ముందు ఒళ్ళు శుద్ధి చేసుకునే నీళ్ళు. నేలలోంచి వెచ్చగా ఉబికే ఊటలు వేరే లోకం నుంచి వస్తున్నాయని నమ్మారు కాబట్టి ఆ పేరు వాటికి దక్కి, ఆ తరవాతే వేడి అనే అర్థం స్థిరపడిందని ఆయన వాదం. వ్యుత్పత్తి నిరూపణగా దీన్ని తీసుకోవడానికి నాకు ధైర్యం చాలదు. ఇంత పొట్టి మాటల విషయంలో ధ్వని సామ్యం ఎంత దూరమైనా లాక్కుపోతుంది. కానీ పాత గ్రంథాలు ఆ ఊహకు దగ్గరగానే మాట్లాడతాయి. 733లో పూర్తయిన ఇజుమొ దేశ వృత్తాంతంలో ఏటి ఒడ్డున ఉన్న ఒక వేడి ఊట ప్రస్తావన ఉంది, ఇవాళ్టి తమత్సుకురి అదే. ఒకసారి మునిగితే రూపం బాగుపడుతుందనీ, మళ్ళీ మునిగితే రోగాలన్నీ పోతాయనీ, అందుకే జనం దాన్ని కామి నొ యు, దేవుడి యు, అంటారనీ అందులో రాశారు. కుమానొ గుడికి వెళ్ళే యాత్రికులు కొండ దారిలో యునొమినె ఊట దగ్గర ఆగి స్నానం చేసి శుద్ధులై గానీ గుడి వైపు కదిలేవాళ్ళు కారు. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో శీతాకాలపు జాతరకు పెద్ద బానలో నీళ్ళు మరగబెట్టి, వెదురాకులతో ఆ యు జనం మీద చిలకరిస్తారు. దేవతలను పిలిచి స్నానం చేయించే ఆ జాతరలే మియజాకి హయావో 2001 సినిమా ‘స్పిరిటెడ్ అవే’కి వెనక ఉన్నాయి. అందులో స్నానశాల నడిపే ముసలామె పేరు యుబాబా. ఆ పేరులో మొదటి అక్షరం ఇదే.

ఇప్పుడు బసలోకి వెళ్దాం. గున్మా ప్రాంతంలో, మికుని కనుమ దగ్గరి అడవిలో హోషి ఒన్‌సెన్ ఉంది. హోషి అంటే సన్యాసి. కోబో దైషి అనే బౌద్ధ గురువు ఆ ఊటను కనిపెట్టాడని కథ. అక్కడ ఉన్నది చోజుకాన్ అనే ఒక్క బసే, చుట్టూ ఊరు లేదు. పెద్ద ఇల్లు 1875 నాటిది, స్నానశాల 1895 నాటిది. రెండూ చెక్కవే. స్నానశాల కిటికీలు మాత్రం పైన కమానుల్లా వంగి ఉంటాయి, పడమటి దేశాల పద్ధతులు కొత్తగా దిగుమతి అవుతున్న మెయిజి కాలపు గుర్తు. లోపల చెక్క తొట్లున్నాయి, వాటిలో అడ్డంగా దుంగలు వేసి ఉంటాయి, తల ఆనించుకోవడానికి. తొట్టికి అడుగున నేల లేదు, గులకరాళ్ళున్నాయి. ఆ రాళ్ళ సందుల్లోంచే యు వస్తుంది. గొట్టం లేదు, పంపు లేదు. ఊట ఉన్న చోటే తొట్టి కట్టి, తొట్టి ఉన్న చోటే ఇల్లు కట్టారు. మెడ దాకా దిగి కూర్చుంటే ఉండుండి ఒక బుడగ అరికాలి పక్కనో వీపు వెనకో బయల్దేరి, ఒంటిని రాసుకుంటూ పైకొచ్చి పగులుతుంది. కాసేపటికి ఇంకోటి. దీనికి తెలుగులో సరిగ్గా అమరే మాట ఉంది, బుగ్గ. బుడగా అదే, ఊటా అదే. వేడినీటి బుగ్గ అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం గానీ, ఆ రెండర్థాలూ ఒకే క్షణంలో నిజమయ్యే చోటు ఇలాంటిదే. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే ఊరే వేడినీళ్ళు చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

యులోకి దిగడానికి వాడే క్రియ గమనించండి. హైరు, అంటే ప్రవేశించడం. ఇంట్లోకి వెళ్ళడానికీ అదే క్రియ. మనం నీరాడతాం, నీళ్ళు పోసుకుంటాం, తలంటుకుంటాం, పుష్కరాల్లో మునుగుతాం. పోసుకోవడంలో నీళ్ళు మన దగ్గరికొస్తాయి. హైరులో మనం వాటి దగ్గరికి వెళ్తాం. కాబట్టే ఒళ్ళు రుద్దుకోవడం, సబ్బు, తలస్నానం అన్నీ బయటే, చిన్న పీట మీద కూర్చుని ముగించుకోవాలి. మురికి పోగొట్టుకోవడం యు పని కాదు. శుభ్రమయ్యాక, దిగే ముందు ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకుంటారు, దాన్ని కకెయు అంటారు, శరీరానికి ముందుగా కబురు చెప్పినట్టు. చేతిలోని చిన్న తువ్వాలు యులో ముంచరు, మడిచి నెత్తి మీద పెట్టుకుంటారు. లోపల ఉన్న ఒక అపరిచితుడు ‘మంచి యు కదండీ’ అంటే ‘అవునండీ’ అనాలి. సాధారణంగా అంతకు మించి మాటలుండవు. ఆ బసల్లోని నిశ్శబ్దం నియమం పెడితే వచ్చింది కాదని నా అభిప్రాయం. ఒకరింట్లోకి వెళ్ళినప్పుడు వచ్చే అణకువే అది.

తొట్టిని యుబునె అంటారు. ఫునె అంటే పడవ, తొట్టి కూడా. ఇది మనకు కొత్త కాదు. సంస్కృతంలో ద్రోణి అంటే తొట్టీ పడవా రెండూ. దాన్నుంచే మన దోనె వచ్చింది. నీటిని లోపల పట్టి ఉంచేదాన్నీ, నీటిని బయట ఉంచేదాన్నీ రెండు దూరదేశాల వడ్రంగులు ఒకే మాటతో పిలిచారు. యుకతా సంగతి కూడా చెప్పాలి. ఇవాళ అది వేసవి పండగల్లో ఆడపిల్లలు కట్టుకునే పూల బట్ట. అసలు రూపం యుకతబిర, యు దగ్గర వేసుకునే ఒంటిపొర నారబట్ట అంగీ. చివరి అక్షరాలు రాలిపోయి, బట్ట మిగిలింది. బసలో దిగగానే గదిలో మడతపెట్టి ఉంచేది అదే. అది కట్టుకునే భోజనానికి వెళ్తారు, అది కట్టుకునే నిద్రపోతారు. ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వస్తే అది శవానికి కట్టే పద్ధతి.

స్నానం ముగించి వచ్చినవాళ్ళ స్థితికి కూడా ఒక నామవాచకం ఉంది, యుఅగరి. ఒళ్ళంతా ఎర్రబడి, ఆవిర్లు చిమ్ముతూ, ఏ పనీ తోచని ఆ అరగంట. దాని తరవాత ఒళ్ళు చల్లబడి వణుకు పుడితే అది యుజమె. అత్యాశకు పోయి రోజుకు నాలుగైదుసార్లు దిగి కళ్ళు తిరిగితే యుఅతరి, యు దెబ్బ కొట్టింది అని. మనకు వడదెబ్బ ఉన్నట్టు. ఇంత వివరం ఉన్న మాటల కుటుంబం ఒక్క రాత్రి విలాసానికి వచ్చే బాటసారుల కోసం పుట్టలేదు.

పుట్టింది తోజి కోసం. యు అక్షరాన్నే చైనా పద్ధతిలో తో అని చదువుతారు. జి అంటే నయం చెయ్యడం. వేడినీటి వైద్యం. ఆ ‘జి’కి నాకు నచ్చే ఇంకో అర్థం ఉంది, పాలించడం. జపనీస్‌లో రాజకీయానికి సెయిజి అంటారు, అందులోదీ ఇదే అక్షరం. వరదలకు అడ్డుకట్ట వెయ్యడానికి చిసుయి అంటారు, అక్కడా ఇదే. అదుపు తప్పిన ఏటినైనా రాజ్యాన్నైనా ఒంటినైనా దారిలోకి తేవడం ఒకే పని అనుకున్నవాళ్ళ అక్షరం అది. శీతాకాలపు అయనాంతాన్ని కూడా తోజి అనే అంటారు, అది వేరే మాట, పలుకు ఒక్కటే. ఆ రోజు ఇళ్ళల్లో యుజు అనే నిమ్మజాతి పళ్ళు తేలేసిన యులో స్నానం చేస్తారు. ఈ శ్లేష వల్లే ఆ ఆచారం వచ్చిందని చెప్పేవాళ్ళున్నారు.

తోజికి లెక్క ఏడు రోజులు. దాన్ని హితొమవరి అంటారు, ఒక చుట్టు. జబ్బు గట్టిదైతే మూడు చుట్లు ఉండాలి, మూడు వారాలు. మన వైద్యులు మందుకు మండలం అని 40 రోజుల గడువు పెట్టేవాళ్ళు. మండలమన్నా చుట్టే. 1604లో జపాన్‌ను ఏలుతున్న షోగన్ తొకుగవ ఇయెయసు అతమి ఊటల దగ్గర ఒక చుట్టు ఉన్నాడు. తరవాతి షోగన్లకు అతమి నీళ్ళు పీపాల్లో ఎదో నగరానికి, అంటే ఇవాళ్టి టోక్యోకు, మోసుకెళ్ళేవాళ్ళు. షిగ నవొయ అనే రచయితను 1913లో టోక్యోలో రైలు గుద్దింది. బతికి బయటపడి కినొసకి ఊటల దగ్గర మూడు వారాలున్నాడు. ఆ ఊరి పేరుతో 1917లో రాసిన చిన్న కథలో చచ్చిపడిన కందిరీగనూ, ఏట్లో ఈదే ఎలుకనూ, తాను విసిరిన రాయి తగిలి చచ్చిన ఒక జంతువునూ చూస్తాడు. కథలో ఇంకేం జరగదు. మూడు చుట్ల తోజిలో జరిగేది కూడా అంతే, మనిషి నెమ్మదించి కళ్ళెదుట ఉన్నదాన్ని చూడగలగడం.

షోగన్లూ రచయితలూ సరే, తోజి బతికింది రైతుల మీద. కోతలయ్యాక తోహొకు పల్లెల జనం బియ్యం, మిసో, గిన్నెలు మూట కట్టుకుని కొండెక్కేవాళ్ళు. బసవాళ్ళు గది, పొయ్యి, యు ఇచ్చేవాళ్ళు. వంట ఎవరిది వాళ్ళదే. యమగత కొండల్లోని హిజిఒరిలో ఇప్పటికీ పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల ముసలమ్మలు కూరగాయలు, పుట్టగొడుగులు తెచ్చి బసల ముందు సంత పెడతారు. హిజిఒరి అంటే మోచెయ్యి విరగడం. మోచెయ్యి విరిగిన ఒక ముసలి సన్యాసి అక్కడ నయం చేసుకున్నాడని కథ. అఒమొరిలో సుకయు ఉంది. దాని పాత పేరు షిక నొ యు, జింక యు. గాయపడిన జింక ఆ ఊటలో నిలబడి బాగుపడడం వేటగాడు చూశాడట. పలుకు అరిగి అరిగి షిక కాస్తా సుక అయింది. నీళ్ళు పుల్లగా ఉంటాయి కాబట్టి రాసేటప్పుడు ‘పుల్లటి యు’ అనే అక్షరాలు పెట్టారు. చెవిలో జింక, కంటికి పులుపు. రెండు కథలూ ఆ నీళ్ళకు సరిపోయాయి.

పులుపు మాట వచ్చింది కాబట్టి కుసత్సు అనే వేడినీటి ఊరి గురించి. అక్కడి నీళ్ళ ఆమ్లత్వం పీహెచ్ 2 దగ్గర, నిమ్మరసానికి సమీపంలో ఉంటుంది. ఊట దగ్గర వేడి 50 డిగ్రీలు దాటుతుంది. ఎవరూ దిగలేరు. చన్నీళ్ళు కలిపితే క్షణంలో తీరే ఇబ్బంది. కానీ కలపరు. మనిషెత్తు చెక్కపలకలు పట్టుకుని, వరసగా నిలబడి, పాట పాడుతూ ఆ యును చిలుకుతారు. ఈ పనికి యుమొమి అని పేరు. మొము అంటే పిసకడం, మర్దించడం. ఒంటికి మర్దనా చెయ్యడానికీ అదే క్రియ. వేడి తగ్గాలి గానీ యు పలచబడకూడదు. ఒకప్పుడు యుచొ అనే పెద్దమనిషి కేక వేస్తే అందరూ కలిసి 48 డిగ్రీల యులో దిగి, సరిగ్గా మూడు నిమిషాలు కదలకుండా ఉండి, ఆయన మళ్ళీ కేక వేశాక లేచేవాళ్ళు. మిజు కలపడం అంటే అక్కడి వాళ్ళకు మందులో నీళ్ళు పొయ్యడమే.

చట్టం మాత్రం ఈ గీతను వేరే చోట గీసింది. 1948 ఒన్‌సెన్ చట్టం ప్రకారం నేలలోంచి వచ్చేటప్పుడు 25 డిగ్రీలు గానీ అంతకు మించి గానీ ఉంటే చాలు, ఒన్‌సెన్. అంత వేడి లేకపోయినా చెప్పిన 19 పదార్థాల్లో ఏ ఒక్కటైనా తగినంత ఉంటే చాలు. 25 డిగ్రీలంటే మన కుళాయి నీళ్ళు. మే నెలలో విజయవాడ మేడ మీది ట్యాంకు అయితే ఆ హద్దు ఎప్పుడో దాటేస్తుంది. చలికాలపు కొండల్లో అలాంటి నీళ్ళలో దిగితే యుఅగరి ఏమీ ఉండదు, వణుకే. అందుకే చాలా చోట్ల వాటిని కాచి తొట్టిలోకి వదులుతారు, వకషియు అంటారు, కాచిన యు. అందులో తప్పేమీ లేదు, చెప్పి చేస్తే. చెప్పకుండా చెయ్యడమే 2004లో బయటపడింది. నాగనొ ప్రాంతంలో పాలలాంటి తెల్లటి నీళ్ళకు పేరుమోసిన ఒక ఊళ్ళో కొన్ని తొట్లలో రంగు కోసం పొడి కలుపుతున్నారని తేలింది. దేశమంతా వేరే బసల సంగతులు కూడా వరసగా బయటికొచ్చాయి.

ఆ గొడవ ఫలితంగా 2005లో నిబంధనలు మార్చారు. ఏ బస అయినా తొట్టిలోని నీటికి ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో రాసి పెట్టాలి. బట్టలు విప్పుకునే గదిలో గోడ మీద ఉంటుంది ఆ పలక. వెళ్ళే తెలుగువాళ్ళు గదినీ భోజనాన్నీ ఫొటో తీసుకునే ముందు ఆ పలక దగ్గర ఒక్క నిమిషం నిలబడమని అడుగుతున్నాను. కకెనగషి అని ఉంటే ఊట నుంచి వచ్చిన యు తొట్టి నిండి పొర్లిపోతోంది, మళ్ళీ వెనక్కి రావడం లేదు. జుంకాన్ అంటే అదే నీటిని వడగట్టి తిప్పి తిప్పి వాడుతున్నారు. కఒన్ అంటే కాచారు. కసుయి అంటే బయటి నీళ్ళు కలిపారు. ఈ చివరి మాటలోని సుయి మిజుకి చైనా ఉచ్చారణ.